పదిన్నర తులాల చిలక

"చిలక చిక్కిపోయిందమ్మే" అని మా అత్త మొదటిసారి అన్నప్పుడు నేను వంటింట్లో గోంగూర నూరుతున్నాను. పొత్రం రోట్లోనే వదిలేసి వసారాలోకి వచ్చాను.

"ఏందత్తా, దానికి నేను తిండి పెట్టడం లేదనా నువ్వనేది?"

"నేనట్టా అన్నానా?"

"మరెట్టా అన్నావు?"

ఆమె చిలకని ఒళ్లో పెట్టుకుని, ఎడమచేత్తో రెక్కలు అదిమి పట్టుకుని, కుడిచేతి బొటనవేలితో దాని రొమ్ము మీద పైకీ కిందికీ నిమురుతూ కూర్చుంది. నేను కాసేపు నిలబడి చూసి, విసురుగా లోపలికి వెళ్లి, మిగిలిన గోంగూరని అవసరమైనదానికన్నా గట్టిగా నూరాను.

నాకు ముక్కు మీద కోపం. ఇప్పటికీ అంతే, వయసొచ్చాక కాస్త ఆయాసం తోడయింది, అంతే తేడా. పైగా ఆమె నాకు సొంత మేనత్త. మా నాన్నకి అక్క. ఆమె కొడుకునే చేసుకున్నాను. బయటి కోడలైతే అత్త మాటకి తల వంచుకుని ఊరుకునేదేమో. నేను పుట్టినప్పటినుంచీ ఆమె ఒళ్లో ఆడినదాన్ని, నాకు భయమెక్కడిది? మాటకి మాట అనేదాన్ని.

అవి అరవైల మొదటి రోజులు. మేం బుచ్చిరెడ్డిపాలెంలో ఉండేవాళ్లం. మా ఆయనకి బియ్యం మిల్లులో కాటా దగ్గర పని. అత్తకి రెండు కళ్లకీ శుక్లాలు కమ్మి, వెలుగూ చీకటీ తప్ప ఇంకేమీ తెలిసేది కాదు. మామ పోయిన ఏడు ఎవరో తెచ్చిచ్చిన పిల్ల చిలక, అప్పటికి పదేళ్లదయింది. తెల్లవారేసరికి అది "అత్తా, అత్తా" అని అచ్చం నా గొంతుతో, నా విసుగుతో సహా అరిచేది. ఆ అరుపుని బట్టే ఆమె లేచేది. "ఇది పోతే నాకు తెల్లారిందని చెప్పేవాళ్లుండరమ్మే" అనేది. ఇంట్లో ముగ్గురం మనుషులం ఉండగా ఆ మాటేమిటని నాకు ఆ చిలక మీద కూడా కోపమే.

చిక్కిపోయింది అన్న మాట గురించి చెప్పాలి. మా ఇళ్లలో ఏ ప్రాణినీ బాగుందని పైకి అనకూడదు. అంటే దిష్టి. బొద్దుగా ఉన్న చంటిబిడ్డని ఎత్తుకుని "అయ్యో, చిక్కిపోయినాడే" అనాలి. నిండుగా పాలిచ్చే గేదెని చూసి "డొక్కలు లోపలికి పోయినాయే" అనాలి. ఈ విషయంలో మా అత్తని మించినవాళ్లు ఊళ్లో లేరు. నా పెళ్లిలో నా బుగ్గలు పుణికి "ఎంత చిక్కిపోయిందో నా మేనకోడలు" అంది. అప్పుడు నేను పెళ్లిచీర కుచ్చిళ్లు నడుముకి నిలవనంత బొద్దుగా ఉన్నాను. మా ఆయనైతే పుట్టిన దగ్గర్నుంచీ రోజూ చిక్కిపోతూనే ఉన్నాడు. అలా చిక్కి చిక్కి, పెళ్లినాటి చొక్కాలకి బొత్తాలు పట్టకుండా అయ్యాయి. అందుచేత ఆమె నోట ఆ మాట వినపడితే మా ఇంట్లో ఎవరూ తల కూడా తిప్పేవాళ్లం కాదు.

చిలక విషయంలో మాత్రం అలా వదిలేయలేకపోయాను. ఎందుకంటే దాని పని అంతకు ఆర్నెల్ల ముందే ఆమె చేతుల్లోంచి నా చేతుల్లోకి వచ్చింది. కళ్లు కనపడక ఒకరోజు నీళ్లగిన్నె ఒలకబోసుకుని జారిపడబోయింది. అప్పటినుంచీ పంజరం కడగడం, వడ్లు పోయడం, నీళ్లు మార్చడం నా వంతు. కాబట్టి చిలక చిక్కిందంటే దోషం నాదే. అది దిష్టి మాటయినా సరే, నన్ను అన్నట్టే.

ఇంకా చిత్రమేమిటంటే, నా కంటికి చిలక గుండ్రంగా ఉంది. ఈకలన్నీ ఉబ్బించుకుని, మెడ లోపలికి లాక్కుని, కదంబపువ్వులా కూర్చునేది. అరుపు తగ్గించింది. తిని తిని బద్ధకించిందనుకున్నాను. పైగా పంజరం కింద రోజూ చేటెడు పొట్టు పడేది. "తినిందత్తా, తినకపోతే పొట్టెక్కడిది?" అని రోజూ ఆమెకి చెప్పేదాన్ని.

వారం రోజులు ఆమె అదే మాట అంటూ వచ్చింది. ఎనిమిదో రోజు నాకు ఒళ్లు మండింది. మా ఆయన మిల్లు నుంచి రాగానే చెప్పాను.

"బావా, నువ్వు కాటా దగ్గరే కదా పనిచేసేది. మీ అమ్మ ఎదురుగానే చిలకని తూకం వెయ్యి. ఎవరి మాట నిజమో తేలిపోవాల."

"మిల్లు కాటాలో చిలకనేస్తే ముల్లు కదలదే" అని ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు. మరునాడు వెనక వీధి ఆచారి దగ్గరికి వెళ్లి, బంగారం తూచే చిన్న త్రాసూ రాళ్లూ అడిగి తెచ్చాడు. పాత రవికెగుడ్డతో సంచి కుట్టి, చిలకని అందులో పెట్టి మూతి బిగించాను. సంచి బరువు పోవడానికి అవతలి తట్టలో చింతపిక్కలు వేశాడు. చిలక సంచిలో గింజుకుంటుంటే తట్ట ఊగుతోంది. అత్త గోడకి ఆనుకుని, ఊపిరి బిగబట్టి వింటోంది.

"పదిన్నర తులాలు" అన్నాడు.

"విన్నావా అత్తా?" అన్నాను గెలిచినట్టు.

"విన్నాలే. చిలక ఎంతుండాల?"

ఇద్దరం మొహాలు చూసుకున్నాం. ఎంత ఉండాలో మాకెవరికీ తెలియదు. అంతకుముందు దాన్ని ఎవరూ తూచలేదు. ఎంతుందో తెలుసుకుని ఏం లాభం? ఆ క్షణాన నాకు సిగ్గేసి ఉండాల్సింది. కానీ సిగ్గు బదులు కోపమే వచ్చింది. "సరే, మళ్లీ తూస్తాం. తగ్గితే అప్పుడు చెప్పు" అని సంచి విప్పేశాను.

రెండు నెలలు గడిచాయి. కార్తీకం వచ్చింది, వానలు పట్టుకున్నాయి. వసారాలో జల్లు కొడుతుందని పంజరాన్ని నడవలోకి మార్చాను. చిలక పొద్దున్నే అరవడం మానేసింది. చలికి ముడుచుకుందనుకున్నాం. అత్త మాత్రం తనంతట తనే లేచి, తడుముకుంటూ పంజరం దగ్గరికి వచ్చి, తలుపు తీసి, చిలకని ఒళ్లోకి తీసుకునేది. బొటనవేలు రొమ్ము మీద పెట్టేది. ఇప్పుడు పైకి ఏమీ అనడం లేదు. ఆమె ఏమీ అనకపోవడం నాకు ఇంకా భరించరానిదయింది. కూడు సగం తిని కంచం పక్కకి నెట్టేది. "ఏందత్తా?" అంటే "ఏం లేదులే" అనేది.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. "నీ మనసులో ఉండేది చెప్పు. దాన్ని నేను చంపతా ఉండాననే కదా?"

ఆమె బొటనవేలిని చిలక రొమ్ము మీద మరోసారి పైకీ కిందికీ జరిపింది. తర్వాత, "కత్తి అంచు మాదిరి తగలతా ఉందమ్మే ఎముక" అంది. "నా వేలికి తెలస్తా ఉంది. నాకు కళ్లు లేవని నా వేలు కూడా లేదనుకున్నారా మీరు?"

ఆ మాటకి నేను తగ్గాల్సింది. అయినా నోరు ఊరుకుంటేనా! "తూస్తాం. ఇప్పుడే తూస్తాం" అన్నాను.

మా ఆయన మళ్లీ ఆచారి త్రాసు తెచ్చాడు. ఈసారి రాళ్లు వేరేవి. కొత్తగా వచ్చిన గ్రాముల రాళ్లు, ఇత్తడివి, తళతళలాడుతున్నాయి. పాతవి పెట్టుకుంటే తనిఖీవాళ్లు ఊరుకోరని ఆచారి వాటిని అటక మీద పెట్టేశాడట. అదే సంచి, అవే చింతపిక్కలు. చిలక ఈసారి గింజుకోలేదు. తట్ట ఊగకుండా నిలిచింది. అది మంచి గుర్తు కాదని నాకు తట్టనే లేదు. తూకం తేలిగ్గా తేలుతోందని సంతోషించాను.

"నూటయిదు గ్రాములు" అన్నాడు మా ఆయన.

"అంటే తులాల్లో ఎంత?"

ఆయన మిల్లులో కేజీలు వచ్చిన దగ్గర్నుంచీ కొత్త కొలతలన్నీ తనకే తెలుసన్నట్టు తిరుగుతున్నాడు. వేళ్లు కూడా మడవలేదు. "కొత్త లెక్కలన్నీ పదుల్లోనే గదా. వంద పైసలు రూపాయి, వెయ్యి గ్రాములు కేజీ. పది గ్రాములు తులం. నూటయిదంటే పదిన్నర తులాలు. రవ్వ తగ్గలా."

పదిన్నరకి పదిన్నర. అంత కచ్చితంగా కలిసేసరికి ఇక అనుమానమెక్కడిది? నేను అత్త ముందు చతికిలబడి, ఆమె చెయ్యి పట్టుకుని మరీ చెప్పాను. "అత్తా, త్రాసు అబద్ధం చెప్తుందా? రెండు నెలల్నుంచీ నన్ను మాటల్లేకుండా సాధించినావు. ఇప్పుడేమంటావు?"

ఆమె మొహం చిన్నబోయింది. తన బొటనవేలిని తనే ఇంకో చేత్తో తడుముకుంది. "అయితే నా వేలే మొద్దుబారిందేమోలే" అంది. ఆమె అంత మెత్తగా ఒప్పుకోవడం నేనెప్పుడూ వినలేదు. గెలిచానని సంబరపడ్డాను. ఆ సంబరం తలచుకుంటే ఇప్పటికీ నాకు నామీదే ఒళ్లు మండుతుంది.

రెండో రోజు వాన తెరిపిచ్చాక త్రాసు తిరిగి ఇవ్వడానికి నేనే వెళ్లాను. ఆచారి ముసలాయన, కుంపటి ముందు కూర్చుని ఉన్నాడు.

"ఏం తూచినారమ్మా, రెండు మాట్లు తీసకపోయినారు?"

"చిలకని."

ఆయన పడీపడీ నవ్వాడు. "నా త్రాసుకి ఆ యోగం కూడా పట్టిందా! ఎంతుండాది?"

"నూటయిదు గ్రాములు. పదిన్నర తులాలు."

ఆయన నవ్వు ఆగిపోయింది. "ఎవురమ్మా ఆ లెక్క చేసింది?"

"మా ఆయన. తులానికి పది గ్రాములు కదా?"

"పదెక్కడ తల్లీ! పదకొండున్నర దాటుద్ది. నూటయిదంటే సరిగ్గా తొమ్మిది తులాలు." ఆయన రాళ్లు లెక్కచూసి పెట్టెలో సర్దుకుంటూ తలాడించాడు. "పదిన్నర తులాల వస్తువు తొమ్మిదై తిరిగొస్తే, బంగారమైతే నువ్వు ఊరుకుంటావా?"

ఆయనకి ఏం చెప్పానో, అసలు చెప్పానో లేదో గుర్తులేదు. బురదలో చెప్పు ఊడిపోతే ఊడినట్టే వదిలేసి ఇంటికొచ్చాను.

పంజరం కింద అప్పటికింకా ఊడవలేదు. మోకాళ్ల మీద కూర్చుని ఆ పొట్టుని చేటలోకి ఎత్తి వెలుగులో పెట్టి చూశాను. పొట్టు కాదది. వడ్లే. గింజ గింజకీ ముక్కుతో గీరిన గాటు ఉంది, కానీ గింజ లోపలే ఉంది. కొరికి, ఒలవలేక, వదిలేసింది. ఎన్ని రోజులుగానో! నేను రోజూ చీపురు విసిరి, తిన్నదని సంతోషపడి, ఎత్తి పారబోశాను. వడ్లు పండే ఊళ్లో పుట్టి, వడ్ల మిల్లువాడిని చేసుకుని, పొట్టుకీ గింజకీ తేడా చూడలేదు నేను!

చిలకని చేతిలోకి తీసుకున్నాను. ఎప్పుడూ దాన్ని అలా పట్టుకోలేదు, కరుస్తుందని భయం. ఇప్పుడది కరవలేదు. ఉబ్బిన ఈకల్లోకి బొటనవేలు పోనిచ్చాను. ఈకలన్నీ గాలే. లోపల నిట్టనిలువుగా ఎముక, దానికి అటూ ఇటూ గుంటలు. అత్త చెప్పినట్టే, కత్తి అంచు.

"అత్తా" అని పిలిచాను. "నీ వేలు మొద్దుబారలా. మా లెక్క తప్పు."

ఆమె తిట్టలేదు. "ముక్కు చూడు" అంది వెంటనే. "నాకు పైముక్కు పొడుగ్గా తగలతా ఉంది. కంటితో చూసి చెప్పు."

చూశాను. పైముక్కు కొక్కెంలా వంగి, కిందిముక్కుని దాటి గొంతుకి ఆనబోతోంది. ఆ ముక్కుతో గింజ ఎలా ఒలుస్తుంది?

"పుల్ల వేస్తా ఉండావా రోజూ?" అంది.

కళ్లున్నప్పుడు ఆమె రోజూ పచ్చి వేపపుల్ల ఒకటి పంజరంలో దోపేది. చిలక దాన్ని పొద్దస్తమానం కొరికి పీచుపీచు చేసేది. అది దాని ఆటనుకున్నాను. కడిగిన గచ్చు మీద పీచు పడుతోందని, పంజరం నా చేతికొచ్చిన మొదటి వారమే ఆ పుల్ల మానేశాను. అది ముక్కు అరగదీసుకునే పని అని నాకు తెలియదు. నేను ఆమెని అడగలేదు, పుల్ల లేదని ఆమెకి కనపడలేదు.

"వెయ్యలా" అన్నాను.

"ఊఁ" అంది. అంతే. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

గోళ్లు తీసే మంగలాయన్ని పిలిపించాం. ఆయన చిలకని చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. "మనుషుల గోళ్లు తీస్తా గానీ, చిలక ముక్కు నేనెప్పుడూ ముట్టలేదమ్మా. లోపల నెత్తురుంటది. ఒక ఎంట్రుక వాసి లోపలికి పోయిందంటే అయిపోద్ది. ఆ పాపం నాకొద్దు."

"కొయ్యకపోయినా పోయేదే" అంది అత్త. "నేను పట్టుకుంటా. నువ్వు కొయ్యి."

ఆమె గుమ్మంలో కూర్చుని, తడి తువ్వాలులో చిలకని చుట్టి, తల మాత్రం పైకి పెట్టి పట్టుకుంది. మంగలాయన దాని ముక్కుని ఎండకేసి తిప్పించి, నెత్తురుండే నల్లటి గీత ఎక్కడిదాకా ఉందో చాలాసేపు చూశాడు. చిన్న కత్తితో చివర కొంచెం గీకాడు. ఆగాడు. మళ్లీ గీకాడు. ఆయన నుదుటినుంచి చెమట కారుతోంది. చిలక కళ్లు గుండ్రంగా తిప్పుతోంది, కానీ కూత లేదు. కూతపెట్టే ఓపిక కూడా లేదు. నేను తలుపు రెక్క పట్టుకుని నిలబడ్డాను. వచ్చే కోపాన్నంతా ఎవరిమీద చూపించాలో తెలియలేదు. మా ఆయన తల వంచుకుని నిలబడ్డాడు. తులానికి పది గ్రాములన్న మనిషిని ఏమన్నా అనేదాన్నే. కానీ వేపపుల్ల గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

ఐదోసారో ఆరోసారో కత్తి పడ్డప్పుడు చిలక ఒక్కసారి అదిరింది. ముక్కు కొసన ఎర్రటి చుక్క లేచింది.

"అమ్మా!" అన్నాడు మంగలాయన, కత్తి కింద పడేసి.

"వదలబాకు, పటిక పెట్టు" అంది అత్త. చూపు లేని మనిషికి నెత్తురొచ్చిందని ఎలా తెలిసిందో! ఆయన పొదిలోంచి పటిక బిళ్ల తీసి ముక్కుకి అదిమాడు. మేం నలుగురం కదలకుండా ఉండిపోయాం. ఎంతసేపో తెలియదు. తీసి చూస్తే నెత్తురు ఆగింది. చిలక కళ్లు మూసుకుని ఉంది.

మంగలాయన వెళ్లాక నేను పాత బియ్యం జావగా వండి చల్లార్చి తెచ్చాను. అత్త తువ్వాలు విప్పి, చిలకని ఒళ్లో పెట్టుకుంది. వేలి చివర మెతుకులు పెట్టి ముక్కు దగ్గర పెట్టాను. ముట్టలేదు. మళ్లీ పెట్టాను. తల తిప్పుకుంది. ఎండ గుమ్మం దాటి వసారాలోకి జరిగింది. నా కాళ్లు తిమ్మిరెక్కాయి, లేవలేదు. ఒకటే అనుకున్నాను: ఇది బతికితే చాలు, నన్ను జీవితాంతం ఎత్తిపొడిచినా పడతాను. ఆ మాట ఎవరికి చెప్పుకున్నానో, దేవుడికో, చిలకకో.

కాసేపటికి అది నాలుక చాపింది. నల్లటి చిన్న నాలుక. నా వేలి మీది మెతుకుని తాకి, లోపలికి తీసుకుంది. గొంతు కదిలింది.

"తినింది! అత్తా, తినింది!" అని అరిచాను.

ఆమె మొహంలో ఏ మార్పూ లేదు. తల నా వైపు తిప్పి, నెమ్మదిగా, ఎత్తిపొడుపు లేకుండానే అంది.

"ఇన్ని నెలలుగా అదే మాట చెప్తా ఉండావు నువ్వు."

అప్పుడు అర్థమైంది, ఆ ఇంట్లో ఆమె మాట ఎంత చెల్లకుండా పోయిందో నా మాటా అంతే చెల్లకుండా పోయిందని. ఇంకోసారి "నిజమత్తా" అని ఒట్టు పెట్టబోయి మానుకున్నాను. ఆమె చూపుడువేలు పట్టుకుని, చిలక మెడ కింద, తిన్నది నిలిచే తిత్తి మీద పెట్టాను. అక్కడ చర్మం ఖాళీగా, వదులుగా ఉంది. ఆ వేలు అక్కడే ఉండగా ఇంకో మెతుకు పెట్టాను. చిలక తీసుకుంది. ఇంకోటి. ఇంకోటి. నేను ఏమీ మాట్లాడలేదు. ఏడుపు వస్తోంది, ముక్కు కూడా చీదలేదు, ఎక్కడ ఆమె వేలు కదిలిపోతుందోనని.

ఆరో మెతుకో ఏడో మెతుకో దిగినప్పుడు ఆమె వేలు ఆ తిత్తిని మెత్తగా అదిమి చూసింది. వేలి కింద మెతుకులు తగిలినట్టున్నాయి. చూపు లేని ఆ కళ్లల్లోంచి నీళ్లు బొటబొటా కారి తువ్వాలు మీద పడ్డాయి. వాటిని తుడుచుకోవడానికి కూడా ఆమె చెయ్యి తియ్యలేదు.

"ఇంకోటి పెట్టమ్మే" అంది.